జో మావర్: ఊరి కుర్రాడే.. 184 మిలియన్ డాలర్ల స్టార్.. అయినా సొంత గ్రౌండ్‌లోనే 'బూ' కేకలు! అసలేం జరిగింది?

ఊరి కుర్రాడు, ఊరి టీమ్, ఊరి గ్రౌండ్. అయినా సొంత ఫ్యాన్సే 'బూ' అంటూ కేకలు పెట్టారు. 2011 సీజన్‌లో అమెరికా బేస్‌బాల్ స్టార్ జో మావర్‌కు ఎదురైన పరిస్థితి ఇది.

మావర్‌ది మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్. దాన్ని ఆనుకునే మిన్నియాపోలిస్ ఉంటుంది. మన హైదరాబాద్-సికింద్రాబాద్ లాగా ఇవీ జంట నగరాలే. అందుకే అక్కడి టీమ్ పేరు కూడా 'ట్విన్స్'. హైస్కూల్ రోజుల్లో మొత్తం కలిపి ఒక్కసారే స్ట్రయికౌట్ అయిన కుర్రాడిని 2001 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడిగా ట్విన్స్ తీసుకుంది. ఆ నమ్మకం వమ్ము కాలేదు. 2006, 2008, 2009లో బ్యాటింగ్ టైటిళ్లు గెలిచాడు. క్యాచర్లలో మూడుసార్లు ఈ ఘనత సాధించడం చాలా అరుదు. 2009లో .365 సగటు, 28 హోమ్ రన్లతో లీగ్ ఎంవీపీ కూడా అయ్యాడు.

2010 మార్చిలో ట్విన్స్ అతనితో ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్ కుదుర్చుకుంది. మొత్తం 184 మిలియన్ డాలర్లు. అప్పటి లెక్కన రూ.800 కోట్ల పైమాటే! మనవాడు వేరే ఊరికి పోలేదని జనం పండగ చేసుకున్నారు. అదే ఏడాది కొత్త స్టేడియం టార్గెట్ ఫీల్డ్ కూడా మొదలైంది. దాని ఖర్చులో పెద్ద భాగం స్థానికులు కట్టిన అమ్మకపు పన్నుదే. అంటే స్టేడియమూ మాదే, స్టారూ మావాడే అన్న ఫీలింగ్!

కొత్త కాంట్రాక్ట్ అమల్లోకి వచ్చిన 2011లోనే కథ అడ్డం తిరిగింది. అంతకుముందు శీతాకాలంలో మావర్ మోకాలికి సర్జరీ అయింది. ఏప్రిల్‌లోనే ఆటకు దూరమయ్యాడు. కారణం ఏంటంటే 'బైలేటరల్ లెగ్ వీక్‌నెస్' అన్నారు. సింపుల్‌గా చెప్పాలంటే రెండు కాళ్లలోనూ బలహీనత. ఏడాదికి 23 మిలియన్లు తీసుకునే ఆటగాడికి కాళ్లలో బలం లేదా? ఆ మాటే జోకైపోయింది. ఎముక విరిగిందంటే జనానికి అర్థమవుతుంది కానీ, ఇది ఎవరికి అర్థమవుతుంది! ఇక్కడ తప్పు మావర్‌ది కన్నా విషయాన్ని సరిగ్గా వివరించలేకపోయిన వాళ్లదే అనిపిస్తుంది. పైగా అతను మితభాషి. ఎదురు తిరిగి నాలుగు మాటలు అనే రకం కాదు.

క్యాచర్ పని తేలికేం కాదు. మన వికెట్ కీపర్ లాంటివాడే కానీ, ఒక్కో మ్యాచ్‌లో వందకు పైగా బంతులకు మోకాళ్ల మీద కూర్చుని లేవాలి. జూన్‌లో తిరిగొచ్చినా ఆ సీజన్‌లో 82 మ్యాచ్‌లే ఆడాడు. సగటు .287, హోమ్ రన్లు మూడే. ఇక టీమ్ పరిస్థితి మరీ ఘోరం. 2010లో 94 విజయాలతో డివిజన్ టైటిల్ కొట్టిన ట్విన్స్.. 2011లో ఏకంగా 99 మ్యాచ్‌లు ఓడింది. మరో స్టార్ జస్టిన్ మోర్నో కూడా గాయాలతో 69 మ్యాచ్‌లకే పరిమితమయ్యాడు. కానీ కోపం ఎక్కువగా మావర్ మీదే పడింది. ఎందుకంటే పెద్ద జీతం అతనిదే.

2012లో మావర్ మళ్లీ .319 కొట్టాడు. టీమ్ మాత్రం 96 ఓడింది. 2013 ఆగస్టులో బంతి మాస్క్‌కు తగిలి కంకషన్ అయింది. దాంతో క్యాచర్ స్థానాన్నే వదిలేసి ఫస్ట్ బేస్‌కు మారాల్సి వచ్చింది. క్యాచర్‌గా ఇచ్చిన జీతం ఫస్ట్ బేస్‌మన్‌కు ఎక్కువే అన్న సణుగుడు కాంట్రాక్ట్ ముగిసేదాకా వినిపిస్తూనే ఉంది.

2018 సెప్టెంబర్ 30. టార్గెట్ ఫీల్డ్‌లో సీజన్ చివరి మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్. ఐదేళ్లుగా పక్కన పెట్టిన క్యాచర్ గేర్ వేసుకుని మావర్ బయటికొచ్చాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. కన్నీళ్లు ఆపుకుంటూ హోమ్ ప్లేట్ వెనక కూర్చుని ఒకే ఒక్క బంతి పట్టాడు.. హెల్మెట్ తీసి ఫ్యాన్స్‌కు చూపించి వెళ్లిపోయాడు. అదే అతని ఆఖరి మ్యాచ్. 2019లో అతని 7వ నంబర్ జెర్సీని ట్విన్స్ శాశ్వతంగా రిటైర్ చేసింది. 2024లో, ఓటింగ్‌కు వచ్చిన తొలి ఏడాదే, హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు.