వేసవి తాపానికి దేశవాళీ, సంకరజాతి పశువుల స్పందన : మన్యం పాడి రైతులు గమనించవలసిన భేదాలు

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అదే తూర్పు కనుమల మన్యంలో శబరి నదీ తీరాన గల చింతూరు పల్లపు ప్రాంతం కావడంతో వేసవిలో తీవ్రమైన ఎండకు గురవుతుంది. అరకులో బాగా పాలిచ్చే సంకరజాతి ఆవు చింతూరులోనూ అంతే ఇస్తుందని భావించరాదు. రుణంపై పశువును కొనే గిరిజన కుటుంబానికి ఈ భేదం కీలకమైనది.

ఆవు సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్. మేత జీర్ణం కావడం, పాలు తయారు కావడం వలన శరీరంలో నిరంతరం వేడి పుడుతుంది. పశువు ఆ వేడిని చెమట, శ్వాసల ద్వారా వెలుపలికి పంపుతుంది. గాలిలో తేమ అధికమైతే చెమట ఆరదు. కనుక శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతను, తేమను కలిపి ఒక సూచికను లెక్కిస్తారు. అది 72 దాటితే అధిక పాలిచ్చే విదేశీ జాతి ఆవులు ఒత్తిడికి లోనవుతాయి. 25 డిగ్రీల వద్ద తేమ 50 శాతమైతే సూచిక సుమారు 72, తేమ 90 శాతమైతే సుమారు 76. అంటే వర్షాకాలంలో అరకులో సైతం గాలి ఆడని పాక క్షేమకరం కాదు.

ఒంగోలు జాతికి, ఒడిశాలోని మల్కనగిరి జిల్లాకు చెందిన మోటు జాతికి మూపురం, పొట్టి నునుపైన వెంట్రుకలు ఉంటాయి. ఇటువంటి దేశవాళీ పశువుల స్వేద గ్రంథులు విదేశీ జాతుల కంటే పెద్దవి. వీటి శరీర కణాలు సైతం వేడిని మెరుగ్గా తట్టుకొంటాయి. పాల దిగుబడి, మేత తక్కువ కావడం వలన వీటిలో పుట్టే వేడి కూడా తక్కువే.

జెర్సీ, హోల్‌స్టీన్ ఫ్రీజియన్ సంకరజాతి ఆవులలో విదేశీ రక్తం పాలు పెరిగే కొలదీ పాల దిగుబడి పెరిగినా, వేడిని తట్టుకొనే శక్తి తగ్గుతుంది. అవి మేత తగ్గించి, రొప్పుతూ, నోటి వెంట చొంగ కారుస్తాయి. ఎద లక్షణాలు మందగిస్తాయి. చూలు నిలవడం కష్టమవుతుంది.

పాకలో గాలి ప్రసరణ, నీడ, నిరంతరం త్రాగునీరు కల్పించడం, చల్లని వేళలలో మేత వేయడం, ఖనిజ లవణ మిశ్రమం అందించడం ముఖ్య జాగ్రత్తలు. పల్లపు గ్రామాలలో దేశవాళీ పశువులకు, లేదా విదేశీ రక్తం 50 శాతం మించని సంకరజాతికి ప్రాధాన్యమివ్వడం మేలు. పశువు అస్వస్థతకు గురైతే 1962 నెంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య సేవలు పొందవచ్చు.