మాట వెనుక కథ: దేశాంతరం

‘దేశాంతరం వెళ్లాడు’ అంటే సొంత నేల విడిచి పరాయి దేశం పోయాడని మన వాడుక. పంచాంగకర్తకు మాత్రం అదో లెక్క. దేశం అంటే చోటు, అంతరం అంటే తేడా. ఉజ్జయిని మీదుగా సాగే మధ్యరేఖకు మన ఊరు ఎంత తూర్పునో, ఎంత పడమరనో చెప్పేదే దేశాంతరం. చంద్రగ్రహణం లెక్కగట్టిన వేళ దాటాక కనబడితే మనం ఆ రేఖకు తూర్పున ఉన్నట్టని సూర్యసిద్ధాంతం చెబుతుంది. బడిపుస్తకాల్లోని ‘రేఖాంశం’ అనే మాటలో గీత ఉంది, డిగ్రీ ఉంది, కాలం లేదు. అసలు కీలకం కాలమే. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీలది, కళింగపట్నం 84 డిగ్రీలు దాటి ఉంది. అందుకే అక్కడి స్థానిక కాలం మన గడియారం కంటే 6 నిమిషాలకు పైగా ముందుంటుంది. విజయనగరంలో సుమారు మూడున్నర నిమిషాలు.

వేళల తేడా నుంచి రేఖాంశం తెలుస్తుందన్న సూత్రం తెలిసీ సముద్రంలో ఓడలు దారెందుకు తప్పాయని అడగవచ్చు. గ్రహణం రోజూ రాదు. ఊగే ఓడలో గడియారపు లోలకం నిలకడగా ఆడదు. అందుకే సముద్రంలో రేఖాంశం కనుగొనే పద్ధతికి బ్రిటన్ 1714లో 20,000 పౌండ్ల వరకు బహుమతి ప్రకటించింది. వడ్రంగి కొడుకు జాన్ హారిసన్ చేసిన గడియారం 1761–62 జమైకా ప్రయాణంలో కొద్ది సెకన్ల తేడానే చూపింది. దేశాంతరం యోజనాల్లో చెప్పిన దూరమే కదా అన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, కానీ ఆ దూరాన్ని రాబట్టింది వేళల తేడా నుంచే. రెండర్థాల మాట పాఠంలో తికమక పెడుతుందన్నదీ సబబే. కనుక పేరు రేఖాంశమే ఉండనీ. పాఠాన్ని మాత్రం దేశాంతరంతో మొదలుపెడితే, భావనపాడు పిల్లలకైనా భోగాపురం పిల్లలకైనా ఆ గీత వెనుక గడియారం కనిపిస్తుంది.