హరిత పద్ధతిలో లోహ నానో కణాల తయారీ

మొక్కల ఆకులు, బెరడు, వేర్లు మొదలైన వాటి కషాయం సహాయంతో వెండి, బంగారం వంటి లోహాల అతిసూక్ష్మ కణాలను తయారుచేయడాన్ని హరిత సంశ్లేషణ అంటారు. సాధారణంగా 1 నుండి 100 నానోమీటర్ల పరిమాణం గల కణాలను నానో కణాలు అంటారు. ఒక నానోమీటరు అనగా మిల్లీమీటరులో పది లక్షల వంతు.

చరిత్ర

అమెరికాలోని ఎల్ పాసో నగరంలో గల టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన గార్డియా-టోరెస్డే బృందం, సజీవమైన ఆల్ఫాల్ఫా (లూసర్న్ గడ్డి) మొక్కలలో బంగారు నానో కణాలు ఏర్పడుతున్నట్లు 2002లో ప్రకటించింది. పూణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందం వేపాకు కషాయంతో వెండి, బంగారు నానో కణాలను తయారుచేసి ఆ ఫలితాలను 2004లో ప్రచురించింది.

తయారీ విధానం

శుభ్రపరచిన ఆకులను స్వేదన జలంలో కొద్దిసేపు మరిగించి వడపోస్తారు. ఈ కషాయాన్ని సజల సిల్వర్ నైట్రేట్ ద్రావణానికి కలుపుతారు. కషాయంలోని ఫ్లేవనాయిడ్లు, టెర్పినాయిడ్లు, ఫినాలిక్ పదార్థాలు వెండి అయాన్లకు ఎలక్ట్రానులను ఇచ్చి, వాటిని లోహపు వెండిగా క్షయకరణం చేస్తాయి. కషాయంలోని పదార్థాలే కణాలపై పొరగా ఏర్పడి, అవి ఒకదానికొకటి అతుక్కొనకుండా కాపాడతాయి. ద్రావణం పసుపు, గోధుమ రంగులకు మారడం కణాలు ఏర్పడినట్లు తెలిపే తొలి సూచన. బంగారు కణాలైతే సాధారణంగా కెంపు రంగు కనిపిస్తుంది. కణాల పరిమాణాన్ని, ఆకారాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో నిర్ధారిస్తారు. రసాయనిక పద్ధతులలో వాడే సోడియం బోరోహైడ్రైడ్ వంటి విషపదార్థాల అవసరం ఇందులో ఉండదు.

వైద్య ఉపయోగాలు

వెండి కణాల నుండి వెలువడే అయాన్లు బాక్టీరియా కణత్వచాన్ని, ప్రోటీనులను దెబ్బతీస్తాయి. ఇతర పద్ధతులలో తయారైన నానో వెండి గల పట్టీలను కాలిన గాయాలకు ఇప్పటికే వాడుతున్నారు. మొక్కల ద్వారా తయారైన కణాలపై పరిశోధనలు మాత్రం ఎక్కువగా ప్రయోగశాలలకు, జంతువులకు పరిమితమై ఉన్నాయి.

పరిమితులు

ఈ కణాలను తయారుచేయడం సులభమే గాని, ప్రతిసారీ ఒకే విధంగా తయారుచేయడం కష్టం. ఋతువు, నేల, ఆకు వయస్సులను బట్టి కషాయంలోని పదార్థాలు మారుతాయి. అందువలన కణాల పరిమాణం, ఆకారం కూడా మారవచ్చును. ఔషధానికి మోతాదు నిర్ణయించాలంటే ఈ తేడాలను అదుపు చేయడం తప్పనిసరి. గాజుపళ్ళెంలో బాక్టీరియాను చంపిన కణాలు మనిషి శరీరంలో సురక్షితమని చెప్పడానికి వీలులేదు. అవి కాలేయం, ప్లీహం వంటి అవయవాలలో పేరుకొనవచ్చును. ఎక్కువకాలం వెండిని లోనికి తీసుకొన్నవారి చర్మం శాశ్వతంగా నీలి బూడిద రంగుకు మారే స్థితిని ఆర్జీరియా అంటారు. కావున "హరిత" అనే మాట తయారీ పద్ధతిని మాత్రమే సూచిస్తుంది, వాడకంలోని భద్రతను కాదు.