గుంటూరు మిరప యార్డు: పంట, అప్పు, శ్రమ

గుంటూరు మిరప చరిత్రను నల్లరేగడి నేలల మహిమగానో, లాం పరిశోధనా క్షేత్రం రూపొందించిన వంగడాల విజయంగానో చెప్పడం పరిపాటి. ఆ రెండింటి పాత్రా కాదనలేనిదే. అయితే పల్నాడు, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి ప్రాంతాల పంటను ఏటా ఒకే పట్టణానికి రప్పించే బలం నేలలో కన్నా అప్పులోనే ఎక్కువగా ఉంది.

మిరప ఈ దేశపు మొక్క కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా అమెరికా ఖండం నుంచి పడమటి తీరానికి చేరింది. మిరియం అన్న పాత మాట ఛాయ కొత్త కాయ పేరులో నిలిచిపోయింది. మిరప, పత్తి సాగు విస్తృతంగా పెరగడానికి మాత్రం 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడం ప్రధాన కారణం. కుడి కాలువ కింది మెట్ట భూములు ఆరుతడి వాణిజ్య పంటలకు మళ్లాయి. పెట్టుబడి అవసరం ఒక్కసారిగా పెరిగింది.

ఆ పెట్టుబడి చాలావరకు యార్డు నుంచే వచ్చింది. విత్తనానికి, ఎరువులకు, పురుగుమందులకు కమీషన్ ఏజెంటు అప్పు ఇస్తాడు. రైతు కాయను అతని కొట్టుకే తెస్తాడు. టిక్కీలు విప్పి రంగు, తేమ, తాలు చూసి వ్యాపారి ధర చెబుతాడు. కాటా అయ్యాక అసలు, వడ్డీ, కమీషన్, హమాలీ ఖర్చులు పోను మిగిలినదే రైతుకు దక్కుతుంది. 1966 నాటి మార్కెట్ల చట్టం లైసెన్సులనూ తూకాలనూ క్రమబద్ధం చేసింది. కానీ సరుకు ఎవరి కొట్టుకు చేరాలో విత్తనం నాటకముందే తేలిపోయినప్పుడు యార్డులోని పోటీకి మిగిలే అర్థం పరిమితమే. ధర పెరిగేదాకా సరుకును శీతల గిడ్డంగిలో ఉంచగలిగేది అప్పు ఒత్తిడి లేని రైతు మాత్రమే.

ఈ వ్యవస్థలో ఎవరి స్థానం ఏమిటన్నది చాలావరకు పుట్టుకను బట్టే నిర్ణయమైంది. భూమి ప్రధానంగా కమ్మ, రెడ్డి కుటుంబాల చేతుల్లో ఉండగా, వర్తకంలో వైశ్యులతో పాటు ఉత్తరాది నుంచి వచ్చిన మార్వాడీలూ స్థిరపడ్డారు. కోతకు, ఏరివేతకు దళిత కుటుంబాలు, పల్నాటి తండాల సుగాలీలు, ముస్లిం పేదలు ఆధారమయ్యారు. వీరికి తోడు ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే కోతల కాలంలో తరలివస్తాయి. కర్నూలు పల్లెల్లో ఈ వలసకు ‘సుగ్గి’ అని పేరు. కన్నడంలో పంట సంబరాన్ని సూచించే మాట ఇక్కడ ఊరు విడిచిపోవడానికి గుర్తయింది. పిల్లల చదువు సగంలో ఆగేదీ ఈ నెలల్లోనే. ‘గుంటూరు కారం’ కీర్తిని చెప్పిన రచనల్లో కళ్లాల్లో తొడిమలు తీసే స్త్రీల చేతుల మంట ప్రస్తావన అరుదు.

అప్పు మీద నిలిచిన సాగు ఎంత బలహీనమో పత్తి ముందే చూపింది. 1980ల మొదట్లో వచ్చిన సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు తొలుత అద్భుతంగా పనిచేశాయి. దశాబ్దం మధ్యకు తెల్లదోమ విజృంభించింది. శనగపచ్చ పురుగు మందులకు లొంగకుండా పోయింది. పిచికారీలు పెరిగేకొద్దీ బాకీలూ పెరిగాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలచివేశాయి. ఈ జిల్లాల నుంచి వరంగల్ ప్రాంతానికి వెళ్లిన రైతులు పత్తిసాగునూ పెట్టుబడి పద్ధతినీ వెంట తీసుకెళ్లారు. 1997-98లో ఆ విషాదం అక్కడా పునరావృతమైంది.

2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసినప్పుడు దెబ్బతిన్నవారిలో కౌలుదార్లు గణనీయంగా ఉన్నారు. 2019 నాటి చట్టం ప్రకారం సాగు హక్కు పత్రం పొందాలంటే భూయజమాని సమ్మతి కావాలి. హక్కు పోతుందన్న భయంతో యజమానులు సంతకానికి వెనుకాడతారు. పత్రం లేని కౌలుదారుకు బ్యాంకు రుణమూ నష్టపరిహారమూ అందడం కష్టం. అతని పేరు తప్పకుండా కనిపించేది ఏజెంటు ఖాతా పుస్తకంలోనే.