పాత బాకాలు – వాటి ఆనవాళ్ళు

మన భాషలో 'బాకా ఊదుట' అనే పలుకుబడి మెచ్చుకోలుగా వాడేది కాదు. అడిగినా అడగకపోయినా ఒకరి గొప్పను ఊరంతా చాటేవానిని గూర్చి అట్లా అంటాము. కాని అసలు బాకాకు ఆ స్వభావం లేదు. అది పెళ్ళి ఊరేగింపులో అందరికన్న ముందు నడుస్తుంది; వరుని విడిదికి చేర్చి తాను వాకిటనే ఆగిపోతుంది. తన పుట్టుపూర్వోత్తరాలు తన ఒంటి మీదనే వ్రాసి ఉన్నప్పటికీ, చదివేవారు లేనందువల్ల మౌనంగా ఉండిపోతుంది. ఆ వ్రాతను చదివే పద్ధతిని గూర్చి ఈవేళ కొంత ముచ్చటించుకుందాము.

కొంతకాలం క్రిందట జోగిపేటలో ఒక పాత సామానుల దుకాణం ముందు నిలుచున్నాను. తూకానికి తెచ్చిన ఇత్తడి బిందెలు, చెంబుల నడుమ ఒక బాకా కనిపించింది. తెచ్చిన పెద్దమనిషిది తరతరాలుగా బ్యాండు మేళం నడిపిన కుటుంబం. "మా తాతది సారూ. మా నాయిన గూడ ఊదిండు. కొడుకు కీబోర్డు నేర్సుకున్నడు. పెట్టెల పడి ఉండి ఏం జేస్తది?" అన్నాడు. ఆయన మాటలో నిష్ఠురం లేదు, అలసట మాత్రమే ఉన్నది. బాకా నోటి అంచుమీద ఆంగ్ల అక్షరాలు సగం అరిగి ఉన్నాయి. తుడిచి చూడగా 'హాక్స్ అండ్ సన్' అనే పేరు, దాని క్రింద 'డెన్మన్ స్ట్రీట్, పికడిల్లీ సర్కస్, లండన్' అనే చిరునామా తేలినవి.

ఈ రెండు పంక్తులు చాలు, దాని వయస్సును అంచనా వేయడానికి. లండనులో హాక్స్ అండ్ సన్, బూసీ అండ్ కంపెనీ అనేవి రెండు పోటీ సంస్థలు. 1930లో ఆ రెండూ కలిసి 'బూసీ అండ్ హాక్స్' అయినాయి. కనుక హాక్స్ పేరు ఒంటరిగా ఉన్న బాకా సామాన్యంగా 1930కి పూర్వపుదని చెప్పవచ్చును. జోగిపేటవారికి ఆ సంవత్సరాన్ని వేరుగా గుర్తుచేయనక్కరలేదు. శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన నిజాము రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ ఆ ఊరిలో జరిగింది 1930లోనే. అంటే తూకపు పళ్ళెంలో పడుకున్న ఆ వస్తువు, ఆ మహాసభకన్న వయస్సులో పెద్దది!

బాకా జాతి వాద్యాలు మనకు క్రొత్తవి కావు. పదమూడవ శతాబ్దంలో శార్‌ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరంలో కాహళను సుషిర వాద్యాలలో చేర్చి వర్ణించినాడు. కాటమరాజు కథలు చెప్పే కొమ్మువారికి ఆ పేరు వాద్యాన్ని బట్టే వచ్చింది. ఆదిలాబాదు గోండుల పండుగలలో పెప్రెతోపాటు కాళికోం అనే బాకా నేటికీ మ్రోగుతున్నది. అక్బరు కొలువులోని నగారాఖానా వాద్యాలను పేర్కొంటూ అబుల్ ఫజల్ కర్నా, నఫీర్ అనే బాకాలను లెక్కపెట్టినాడు. హైదరాబాదులో చార్‌కమాన్లలో నేడు కాలీ కమాన్ అని పిలిచే తూర్పు తోరణం ఒకప్పుడు రాచ నగారాఖానాయే.

అయితే వీటన్నిటికీ ఒక హద్దు ఉన్నది. కేవలం గొట్టం మాత్రమే అయిన బాకాలో పెదవుల బిగువును మార్చి కొన్ని స్వరాలే పలికించగలము. వాటి నడుమ ఖాళీలు మిగులుతాయి. ఈజిప్టు రాజు టూటంఖామన్ సమాధిలో 1922లో దొరికిన సామగ్రిలో రెండు బాకాలు ఉన్నాయి. మూడువేల యేండ్లకు పైగా మూగపోయిన వాటి ధ్వనిని 1939లో కైరో నుండి బి.బి.సి. ప్రసారం చేసింది. రేడియో శ్రోతలు ఆనాడు విన్నది కూడ అట్టి కొద్దిపాటి స్వరాలనే. ఆ బాకా హెచ్చరించగలదు, పిలువగలదు, పాట పాడలేదు.

పాట పాడించినది వాల్వు. 1818లో ష్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు జర్మనులు ప్రష్యాలో దీనికి పేటెంటు పొందినారు. 1839లో పారిస్ నగరవాసి పెరినే దానిని సంస్కరించినాడు. నేటి బాకాలలో వ్రేళ్ళక్రింద ఆడే మూడు పిస్టన్లు అతని పద్ధతివే. ఒక్కొక్క పిస్టన్‌ను నొక్కగానే గాలి అదనపు గొట్టంగుండా పోతుంది. మొదటిది స్వరాన్ని ఒక పూర్తి మెట్టు దించుతుంది, రెండవది అరమెట్టు, మూడవది ఒకటిన్నర మెట్లు. ఈ మూడింటిని కలిపి, విడదీసి నొక్కితే ఖాళీలన్నీ పూడిపోతాయి. అప్పుడే బాకా రాగానికి పనికివచ్చింది.

ఈ వాల్వు బాకా మన ప్రాంతానికి సైన్యాలతో వచ్చింది. 1806లో సికిందరాబాదు కంటోన్మెంటు వెలసిన పిమ్మట పటాలాల బ్యాండ్లు ఇక్కడి చెవులకు అలవాటైనాయి. సంస్థానాల కొలువులు వాటిని అనుకరించినాయి; కొలువుల నుండి పెండ్లిపందిళ్ళకు అవి దిగివచ్చినాయి. సీమ సరుకుపైననే ఆధారపడవలసిన అవసరం కూడ క్రమంగా తగ్గింది. మీరట్‌లో 1885లో వెలసిన నాదిర్ అలీ కంపెనీ మూలంగా ఆ నగరంలోని జాలీ కోఠీ పేట బ్యాండు వాద్యాలకు పుట్టినిల్లయింది. ఉత్తరాన చేసిన బాకా దక్కన్‌లో మ్రోగడం మనకు మామూలు విషయమే.

ఇక ఆనవాళ్ళు. మొదట చదువవలసినది పేరు, చిరునామా. 'బూసీ అండ్ కంపెనీ, 295 రీజెంట్ స్ట్రీట్' అని ఉంటే అదికూడ 1930కి పూర్వపుదే కావచ్చును. 'బెసన్, 198 యూస్టన్ రోడ్' అని ఉన్నా మంచి పాతదే. కాని బెసన్ అనే పేరు ఒక్కటే చూచి మోసపోరాదు. ఆ సంస్థను 1948లో బూసీ అండ్ హాక్స్ తీసుకున్న తరువాత కూడ ఆ పేరు సాగింది. ఫ్రాన్సులోని కూనాన్ సంస్థవారి వాద్యాలు కొన్నిటిపై మంటలు చిమ్మే బాంబు ఆకారంలో ఒక ముద్ర ఉంటుంది. అందులోని రెండంకెలు తయారైన సంవత్సరానివి. బాణపు ములికివంటి గుర్తు కనిపిస్తే ఆ వాద్యం ఒకప్పుడు బ్రిటిష్ ప్రభుత్వపు సొత్తు అన్నమాట.

రెండవది సంఖ్య. ఇది తరచుగా నడిమి వాల్వు గొట్టం మీద ఉంటుంది. మూడవది ఆకారం. ట్రంపెట్ గొట్టం చాలమేరకు ఒకే లావున సాగి చివర విచ్చుకుంటుంది. కార్నెట్ గొట్టం మొదటినుండి క్రమంగా లావెక్కుతూ మరింత చుట్టుకొని పొట్టిగా కనిపిస్తుంది. సాగదీస్తే రెండూ ఇంచుమించు నాలుగున్నర అడుగులే. పందొమ్మిదవ శతాబ్దపు బ్యాండులో పాట నడిపించినది కార్నెట్. తరువాత నృత్యశాలలు, సినిమా సంగీతం ట్రంపెట్‌ను ముందుకు తెచ్చినాయి. 1951 నాటి 'అల్‌బేలా' చిత్రపు పాటలలో గోవా కళాకారుడు చిక్ చాకొలెట్ బాకాకు జోహారు చేయని మేళం లేదు. జోగిపేటలో నేను చూచినది కార్నెట్. అందరూ దానిని బాకా అనే పిలిచినారు. అందులో తప్పేమీ లేదు.

నాలుగవది అతుకు. పాత పనివారు ఇత్తడి రేకును చుట్టి, అంచులను పండ్లు పండ్లుగా కోసి ఒకదానిలో ఒకటి ఇమిడించి అతికేవారు. వెలుతురులో త్రిప్పి చూస్తే రంపపు పండ్లవంటి ఆ సన్నని గీత కనిపిస్తుంది. ఐదవది శ్రుతి. బ్రిటిష్ సైనిక బ్యాండ్లు 1920 దశాబ్దం దాదాపు ముగిసేవరకు హెచ్చు శ్రుతిలో వాయించేవి. వారి 'ఏ' స్వరానికి సెకండుకు 452 కంపనాలు. 1939లో లండను సమావేశం దానిని 440గా స్థిరపరచింది. అందుచేత పాత బాకా హార్మోనియంతో కలవక పైకి పోతుంటే, వాద్యగాని దోషమని తొందరపడకండి. అది తన కాలపు శ్రుతికి కట్టుబడి ఉన్నదేమో!

ఇంటిలో ఇట్టి వాద్యమున్నవారికి ఒక మనవి. ఇత్తడి గదా అని చింతపండు, ఇటుకపొడితో తోమకండి. పులుపు లోహాన్ని కొరుకుతుంది; పొడి అక్షరాలను అరగదీస్తుంది; వెండి పూత ఉంటే అదీ పోతుంది. మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. ఎర్రని మచ్చలు కనిపిస్తే, ఇత్తడిలోని జింకు పోయి రాగి మిగులుతున్నదని గ్రహించాలి. బిగిసిన పిస్టన్లను శ్రావణంతో లాగరాదు. ఒక వాల్వుకు తగిలించిన చిన్న గొట్టాన్ని, ఆ పిస్టన్ నొక్కకుండ ఊడదీసినపుడు 'టప్'మని శబ్దం వస్తే, గాలి కారడం లేదనీ, వాద్యంలో ఇంకా ప్రాణమున్నదనీ అర్థం.

ఆ పెద్దమనిషికి ఈ సంగతులు కొన్ని చెప్పినాను. గొట్టం ఊడదీసి చూపినాను, 'టప్'మన్నది. ఆయన దానిని నా చేతినుండి తీసుకొని, పెదవులు తడిచేసుకొని, ఒక పాత పెండ్లి వరుసను నాలుగు ఊపిర్లలో పలికించినాడు. శ్రుతి కొంత హెచ్చుగానే ఉన్నది. దుకాణదారు తక్కెడ పట్టుకొని వేచి ఉన్నాడు. "బిందెలు తూచు. ఇది ఉండనీ," అని బాకాను పాత ధోవతిలో చుట్టి చంకన పెట్టుకొన్నాడు.

అన్ని బాకాలకు ఆ అదృష్టం పట్టదు. తూకానికి పోయిన ఇత్తడి కరిగి మరొక బిందెగా బ్రతుకుతుంది. దాని మీది పేరు, సంఖ్య, ముగ్గురు తరాల వ్రేళ్ళు అరగదీసిన నునుపు మాత్రం తిరిగి రావు. శాసనమని తెలియక రాతిని గోడలో కట్టుకున్న ఊళ్ళు మనకు ఉన్నాయి. బాకా కూడ అట్టి చిన్న శాసనమే. అమ్మదలచినవారు అమ్మవచ్చును, కాని తక్కెడలో వేసేముందు ఒక్కమారు దాని అంచును తుడిచి చదువుదురుగాక.