సగం సామర్థ్యం బొగ్గుది కాదు.. అయినా కరెంటు ఎక్కువ బొగ్గుదే! ఎందుకిలా?

దేశంలో ఉన్న విద్యుత్ సామర్థ్యంలో సగం ఇప్పుడు సోలార్, గాలి, జల, అణు విద్యుత్‌దే. 2025 జూన్‌లోనే ఈ మార్కు దాటాం. మరి మన ఇంట్లో ఫ్యాన్ తిరిగేది దేనితో? ఇప్పటికీ పది యూనిట్లలో దాదాపు ఏడు బొగ్గు నుంచే వస్తున్నాయి.

తిరకాసు ఎక్కడుందంటే.. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు రాత్రి ఇచ్చేది సున్నా. థర్మల్ ప్లాంటుకు బొగ్గు, నీళ్లు ఉంటే చాలు, రాత్రీపగలూ నడుస్తుంది. 2024 మే 30న దేశంలో డిమాండ్ 250 గిగావాట్లు తాకి రికార్డు కొట్టింది. పగటి డిమాండ్‌ను సోలార్ చాలావరకు ఆదుకుంటుంది. పొద్దుగూకాక ఇళ్లలో లైట్లు, ఏసీలు ఒక్కసారిగా ఆన్ అయ్యే వేళే అసలు పరీక్ష.

అందుకే ప్లాన్‌లో బొగ్గు పోలేదు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం జాతీయ విద్యుత్ ప్రణాళిక తయారుచేసేది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ). 2023లో వచ్చిన ప్రణాళిక చూస్తే, 2031-32 నాటికి మొత్తం సామర్థ్యం సుమారు 900 గిగావాట్లు. అందులో బొగ్గు, లిగ్నైట్ వాటా 260 గిగావాట్ల దాకా. అంటే శాతం తగ్గుతుంది కానీ ప్లాంట్లు పెరుగుతాయి! నల్గొండ జిల్లా దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు కట్టింది కూడా ఈ అవసరం చూసే.

బొగ్గుంటే ధీమా అనుకోవద్దు. 2021 అక్టోబర్‌లో చాలా ప్లాంట్లలో నాలుగు రోజులకు సరిపడా నిల్వలు కూడా లేవు. విశాఖ దగ్గరి సింహాద్రికి బొగ్గు ఒడిశా నుంచి రావాలి. రైలు రేకులు ఆలస్యమైతే ఇక్కడ టెన్షనే.

ఇక బిల్లు సంగతి. ఇది జనానికి పెద్దగా తెలియదు. థర్మల్ ప్లాంటుతో డిస్కంలు చేసుకునే ఒప్పందంలో రెండు చార్జీలుంటాయి: ఇంధన ఖర్చు, ఫిక్స్‌డ్ చార్జీ. మధ్యాహ్నం సోలార్ ఎక్కువై కరెంటు తీసుకోకపోయినా, ప్లాంటు సిద్ధంగా ఉంటే ఫిక్స్‌డ్ చార్జీ కట్టాల్సిందే. చివరికి అది మన టారిఫ్‌లోకే వస్తుంది. పోనీ మధ్యాహ్నం ఆపేసి సాయంత్రం మళ్లీ నడిపిద్దామా అంటే బాయిలర్ స్విచ్ వేయగానే వేడెక్కదు, గంటలు పడుతుంది. అందుకే ఆపకుండా లోడ్ తగ్గించి నడుపుతారు. సీఈఏ నిబంధనల ప్రకారం 55 శాతం లోడ్‌కు దిగగలగాలి, ఆ తర్వాత దశల్లో 40 శాతానికి.

ప్రత్యామ్నాయం లేదా? ఉంది. బ్యాటరీలు, నంద్యాల జిల్లా పిన్నాపురం తరహా పంప్డ్ స్టోరేజీ. పగటి సోలార్‌తో నీళ్లు పైకి ఎక్కించి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఇవి సరిపడా వచ్చేదాకా సాయంత్రం ఏడింటి భారం మోసేది థర్మలే.