చిన్న ‘సి’, పెద్ద ‘సి’

ఇంగ్లండులో ఆంగ్లికన్ చర్చి పోపుతో 16వ శతాబ్దంలోనే తెగతెంపులు చేసుకుంది. అయినా విశ్వాస ప్రమాణం చదివేటప్పుడు ‘పరిశుద్ధ క్యాథలిక్ చర్చి’ని నమ్ముతున్నామనే అంటుంది! కిటుకంతా అక్షరంలో ఉంది. చిన్న ‘సి’తో రాస్తే సర్వవ్యాప్తమైనదని అర్థం, పెద్ద ‘సి’తో రాస్తే పోపు మనుషులు. తెలుగు లిపిలో ఆ సౌకర్యం లేదు. మన ప్రొటెస్టెంట్లు అక్కడ ‘సార్వత్రిక’ అని పెట్టుకుని గొడవ వదిలించుకున్నారు.

గ్రీకులో ‘కథోలికోస్’ అంటే మొత్తానికి సంబంధించినది. 2వ శతాబ్దం తొలినాళ్లలో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ దాన్ని చర్చికి తగిలించాడు. యూదుణ్ణి పిలిచే ఇంగ్లీషు మాట ‘జ్యూ’ది వేరే దారి. యూదా ఒక మనిషి పేరు, గోత్రం పేరు, దేశం పేరు. హెబ్రూ ‘యెహూది’ గ్రీకు, లాటిన్ దాటి, పాత ఫ్రెంచిలో ‘ద’ పోగొట్టుకుని, బక్కచిక్కి ఇంగ్లీషు చేరింది.

‘క్యాథలిక్’ కథలో అసలు రసపట్టు మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో ఉంది. 1559 చట్టం ప్రకారం ఆదివారం చర్చికి రాకపోతే 12 పెన్నీల జరిమానా. 1581లో అది నెలకు 20 పౌండ్లయింది. రానివాళ్లు ‘రెక్యూజెంట్లు’, అంటే కాదన్నవాళ్లు. జరిమానాకు జడిసి వచ్చి కూర్చునేవాళ్లు ‘చర్చి పేపిస్టులు’. మేం క్యాథలిక్కులమని పోపు పక్షంవాళ్లంటే, ఆ మాట మీ ఒక్కరి సొత్తా అని ప్రొటెస్టెంట్లు. చివరికి ‘రోమన్’ అనే తోకతో రాజీ కుదిరింది. 1789లో కొందరు క్యాథలిక్ పెద్దలు ‘ప్రొటెస్టింగ్ క్యాథలిక్ డిసెంటర్లు’ అనే వింత పేరుకు సిద్ధపడితే బిషప్పులు మండిపడ్డారు. క్యాథలిక్కులకు ఊరటనిచ్చిన 1791 చట్టంలో ‘రోమన్ క్యాథలిక్’ అనే పడింది. గుంటూరు పల్లెల్లో ‘ఆర్‌.సి.ఎం. బడి’ అన్నప్పుడు వినిపించే ‘ఆర్‌’ ఆ బేరం తాలూకుదే. అందరిదీ అనే మాటకు ఒక ఊరు ఇంటిపేరు కావడం, ఎంత రాజీ అయినా, నష్టమే.

‘జ్యూ’ మాట మతంతో పాటు మారేది కాదు. యూదు కుటుంబంలో పుట్టిన డిజ్రాయెలీకి 1817లో, 12 ఏళ్లకే, బాప్తిస్మం ఇప్పించారు. అందుకే 1837లో పార్లమెంటులో కూర్చోగలిగాడు. మతం మారని యూదుడు లయనెల్ డి రోత్‌షైల్డ్ 1847లో గెలిచి కూడా, క్రైస్తవ ప్రమాణం చెయ్యనందుకు 1858 దాకా బయటే ఉన్నాడు. అయితేనేం, 1868లో ప్రధాని అయిన డిజ్రాయెలీని కూడా లోకం యూదుడనే అంది. ఆంగ్లికన్ పాదిరి న్యూమన్ మాత్రం 1845లో మతం మారిన రోజే క్యాథలిక్ అయిపోయాడు.

2009లో ఈ రెండు మాటలూ లండన్‌లో ఒకే కోర్టు మెట్లెక్కాయి. జె.ఎఫ్‌.ఎస్‌. అనే యూదు బడి ఒక కుర్రాడికి సీటివ్వలేదు. వాళ్లమ్మ ఇటలీ క్యాథలిక్‌గా పుట్టి యూదు మతం పుచ్చుకుంది, ఆ మార్పిడి ఆర్థడాక్స్ పద్ధతిలో జరగలేదని అభ్యంతరం. తల్లి పుట్టుకను బట్టి సీటివ్వడం జాతి వివక్షేనని సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో బడివాళ్లు పద్ధతి మార్చుకుని, పిల్లలు సినగాగుకు ఎన్నిసార్లు వెళ్లారో లెక్క చూడటం మొదలుపెట్టారు.